సీలు గోడ వేడితో కాచిన నీళ్ళు

1వ రోజు

నీళ్ళ ప్లాంటులో నీళ్ళు వడగట్టే పొర చిరిగింది. ఈ సంగతి రాయడానికి పంపు రిజిస్టర్ వెనక పేజీలు వాడుతున్నాను. ముందు పేజీల్లో సంపులో నీళ్ళెంత ఉన్నాయో రాస్తాను, అది ఊరికి సంబంధించింది. ఇది నాది. ఎవరైనా చదివితే చదవనీ, దాచుకోవాల్సిన పని నేనింకా ఏదీ చెయ్యలేదు.

పొర లేకపోతే తాగడానికి వచ్చే ఇబ్బందేం లేదు. గని నీళ్ళు కాస్త తుప్పు వాసన వేస్తాయి, అంతే. పైన ఎండలకు తాళలేక ఇరవై రెండేళ్ళుగా కాకిగుట్ట గనిలో బతుకుతున్నాం, మా పొట్టలు వాటికి అలవాటు పడ్డాయి. కానీ దవాఖానాలో ఉన్న కిడ్నీ మిషన్‌కు ఆ నీళ్ళు పనికిరావు. పూటకు నలభై లీటర్లు, చుక్క మలినం లేకుండా కావాలి. మంగళవారం ఒక పూట, శనివారం ఒక పూట. ఆ మిషన్ మీద ఆధారపడి బతికేది ఊరంతటికీ ఒక్కతే, చిలుకమ్మ. నా తోటికోడలు.

ముప్పై ఏళ్ళుగా, మొదట పైన పక్కపక్క ఇళ్ళల్లో, తర్వాత గనిలో పక్కపక్క అరల్లో ఉంటున్నాం. ఒక్క విషయంలో కూడా మా ఇద్దరికీ కుదరలేదు. నేను చారు పెడితే నీళ్ళంటుంది, ఆమె పెడితే నేను కషాయమంటాను. టాంకులో మూడు పూటలకు సరిపడా మంచి నీళ్ళున్నాయి. అవి అయిపోయేలోపు ఏదో ఒకటి చెయ్యాలి. చేస్తాను. ఆమె లేకపోతే నేను ఎవరితో కొట్లాడాలి?

3వ రోజు

ఐలయ్య దగ్గరికి వెళ్ళాను. ఐలయ్య నా మరిది, చిలుకమ్మ మొగుడు, ఈ గనికి పెద్ద ఓవర్‌మాన్. ఎవరు ఎక్కడ పడుకోవాలో, ఏ ఫ్యాను ఎంతసేపు తిరగాలో చెప్పేది అతనే.

"నీళ్ళు కాచి ఆవిరి పడితే అయిపోతది. నలభై లీటర్లకు ఇరవై ఎనిమిది యూనిట్ల కరెంటు కావాలె. ఇస్తవా?" అన్నాను.

"ఇంటికి రోజుకు మూడు యూనిట్లు ఇస్తున్న వదినె. నా ఇంటికీ గంతే. ఫ్యాన్ల కరెంటు తీసి ఇస్తే పన్నెండు వందల మందికి గాలి ఆడది."

"కొత్త పొర?"

"వానలు తగ్గినంక బండ్లు వస్తయి. నాలుగు నెలలు."

తలకాయ ఎత్తలేదు. పెళ్ళాం ప్రాణం మీదికొచ్చినా అందరి వాటా కదపనివాడు. అందుకే ఊరు అతణ్ణి నమ్ముతుంది. అందుకే నాకు అప్పుడప్పుడు లాగి ఒకటి ఇవ్వాలనిపిస్తుంది.

నర్సు షబానాను కూడా కలిశాను. "ఒక్క పూట తప్పితేనే చానా కష్టం అక్కా. రెండు తప్పితే నా చేతుల ఉండదు" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. కాచే గిన్నెకు గానీ పైపులకు గానీ రాగి వద్దట, అల్యూమినియం అసలే వద్దట. అవి నీళ్ళలో కలిసి ఇలాంటివాళ్ళకు విషమవుతాయట. స్టీలే కావాలి.

7వ రోజు

కుండ తయారైంది. కుండ అంటున్నాను గానీ అది పాత క్యాంటీన్ టీ డేక్షా. మూత బిగించి, పైనుంచి స్టీలు గొట్టం తీసి, దాన్ని సంపులో చల్లటి నీళ్ళగుండా మెలికలు తిప్పి ఇంకో క్యానులోకి దింపాను. నలభై ఏళ్ళు పంపుల దగ్గర పనిచేసినదానికి ఇదో పెద్ద పనా?

దీన్ని మోసుకెళ్తుంటే చౌరస్తాలో అందరికీ ఒకటే నవ్వు. "ఓదెమ్మక్క గుడుంబా పెడుతున్నది, మొదటి గ్లాసు నాకే" అని ఒకడు, "గా వాసనకు పైనున్న కాకులు సుత కిందికి దిగుతయి" అని ఇంకొకడు. పెట్టినరోజు పిలుస్తానని చెప్పాను.

కుండ ఉంది, మంట లేదు. మంట అనే మాటే ఇక్కడ తప్పు. గనిలోకి దిగేవాడు గేటు దగ్గర జేబులు తడిమి చూపించాలి, అగ్గిపెట్టె ఉంటే లోపలికి రానివ్వరు. చుట్టూ బొగ్గు, మూలమూలకు గ్యాసు, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే చుట్టాలింటికి వెళ్ళినా గుమ్మంలో జేబులు తడుముకుంటాం. పిల్లలు మంటను బొమ్మల్లోనే చూశారు.

సరే, పైన ఎండ ఉంది కదా అనుకున్నాను. నాలుగు రోజులుగా పైకెక్కి, నల్లరంగు వేసిన పెట్టెకు అద్దం బిగించి చూస్తున్నాను. పైన యాభై నాలుగు డిగ్రీలు, మనిషి అరగంట నిలబడలేడు. మూడువందల ఎనభై మెట్లు ఎక్కి చూస్తే రోజుకు ఐదు లీటర్లు వచ్చాయి. ఇవాళ దుమ్ముగాలి కొట్టింది, అద్దం కనపడకుండా పోయింది, అర లీటరు కూడా రాలేదు. ఎండను తిట్టుకుంటూ దిగొచ్చాను. దేశాన్నంతా కాల్చింది, నాకు నలభై లీటర్లు కాచి పెట్టడానికి దానికి చేత కాలేదు.

10వ రోజు

దొరికింది.

నా పంపు గది పక్కనే నలభై ఒకటో లెవెల్ సీలు గోడ ఉంది. పదకొండేళ్ళ కిందట ఆ లెవెల్లో బొగ్గు తనంతట తానే రాజుకుంది. ఆర్పడం ఎవరి వల్లా కాక, గాలి దూరకుండా ఇటుకతో గోడ కట్టి మూసేశారు. గాలి లేక అది మంటగా లేవదు, అలాగని చావదు, లోలోపల కుములుతూనే ఉంది. గోడకు పది అడుగుల ముందు పచ్చగీత ఉంటుంది. దాన్ని దాటేవాళ్ళు లేరు, పంపు చూసుకునే నేను తప్ప. గోడ వేడి ఎంతో తెలియడానికి చౌరస్తాలో బోర్డు ఉంది. గ్యాసు కొలిచే యంత్రం చెడిపోయి ఐదేళ్ళయింది కాబట్టి ఆ బోర్డు ఒక్కటే దిక్కు. పొద్దున లేస్తే అందరూ ముందు దాన్ని చూస్తారు. ఇవాళ నూట అరవై మూడు డిగ్రీలు.

నూట అరవై మూడు! ఊరంతా భయపడే ఆ అంకెను చూసి నేను ఇవాళ ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆ గోడలోంచి ఒక లావుపాటి ఇనప పైపు లోపలికి ఇరవై అడుగులు పోతుంది. అప్పట్లో నీళ్ళు కొట్టి ఆర్పుదామని పెట్టారు, గోడ పూర్తికాకముందే వద్దనుకుని లోపలి కొన మూసేశారు. ఆ కొనకు వెల్డింగ్ పెట్టింది మా ఆయనే. పోయి ఆరేళ్ళయింది గానీ ఆయన వేసిన అతుకు కారడం నేనెన్నడూ చూడలేదు. అంటే ఇవతలి మూత విప్పినా లోపలికి గాలి పోదు. ఆ పైపులో సన్నటి స్టీలు గొట్టం దూర్చి, అందులోంచి నీళ్ళు పంపితే ఆవిరై నా డేక్షాలోకి తిరిగొస్తాయి, అక్కణ్ణుంచి మెలికల గొట్టంలోకి.

ఐలయ్యకు చెప్పను. చెబితే పచ్చగీత అంటాడు.

12వ రోజు

పైపు మూత విప్పాను. విప్పగానే తడి దారం ఒకటి మూతి దగ్గర వేలాడదీసి చూశాను. చిన్న గాలి ఆడినా దారం కదులుతుంది. పావుగంట కళ్ళార్పకుండా కూర్చున్నాను, కదల్లేదు. వెల్డింగ్ మీద నమ్మకం వేరు, చూసుకోవడం వేరు.

గొట్టం దూర్చి మూత బిగించాను. రెండో షిఫ్ట్ మొదలయ్యే వేళకు క్యానులో మొదటి చుక్క పడింది. వేడి నీళ్ళ చుక్క, వాసన లేదు, రంగు లేదు. కూర్చుని ఏడ్చాను కాసేపు. సంతోషానికే.

షబానా నీళ్ళలో మీటరు ముంచి చూసింది. "ప్లాంటు నీళ్ళ కన్న మంచిగున్నయి. ఏడ కాచినవ్ అక్కా?"

"పైన, ఎండపెట్టెల" అన్నాను.

నా బట్టలకు దుమ్ము లేదని చూసింది, క్యాను తీసుకుని లోపలికి పోయింది.

19వ రోజు

చిలుక కొత్త నీళ్ళతో రెండు పూటలు చేయించుకుంది. కాళ్ళ వాపు తగ్గింది, నోరు లేచింది.

"నువ్వు కాచిన నీళ్ళని తెలిసినంక నాకు ఒళ్ళంతా చేదెక్కుతున్నది" అంది.

"గా చేదు ముందు నుంచే ఉన్నది నీకు" అన్నాను.

రెండు రోజులకు నలభై లీటర్లు సరిగ్గా వస్తున్నాయి. పూటలకు పోగా మిగిలింది మిషన్ కడగడానికి పోతోంది, నిలవ ఉండటం లేదు. బోర్డు మీద నూట యాభై రెండు.

27వ రోజు

బోర్డు నూట ఇరవై ఒకటి చూపిస్తోంది. ఊళ్ళో పండగలా ఉంది. పదకొండేళ్ళలో ఎప్పుడూ నూట యాభైకి దిగనిది ఇలా రోజురోజుకూ జారిపోతుంటే ఎవరికి సంతోషం ఉండదు? గోడ వెనకున్న లెవెల్ ఎత్తుగా, పొడిగా ఉంటుంది. నలభై ఆరు కుటుంబాలకు ఇళ్ళు వస్తాయి. ఇప్పుడు వాళ్ళకు మంచం కూడా సొంతం కాదు, ఒక్క మంచాన్ని మూడు షిఫ్టులవాళ్ళు పంచుకుంటారు. ఒకరు లేస్తే ఇంకొకరు ఆ వెచ్చదనంలోనే పడుకుంటారు. బానోతు సాల్కి ఇద్దరు మనవరాళ్ళను వేసుకుని ఆ మంచాల మీదే ఎనిమిదేళ్ళు నెట్టుకొస్తోంది.

నాకు మాత్రం దిగులుగా ఉంది. అగ్గి చల్లారితే నా కుండ గతేంటి? ఇలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా. సిగ్గుపడి, మళ్ళీ అదే అనుకున్నాను.

33వ రోజు

తొంభై ఐదు. వంద లోపు వరసగా ఏడు రోజులుంటే గోడ తీయొచ్చని పాత నియమం. ఇవాళ్టికి మూడు రోజులు. తాపీవాళ్ళు వచ్చి గోడను చూసిపోయారు. వాళ్ళు వస్తున్నారని తెలిసి డేక్షా మీద గోనెసంచి కప్పాను. సాల్కి పచ్చగీత దగ్గరిదాకా వచ్చి, తనకు ఏ వైపు అర వస్తుందో చేత్తో కొలిచి చూసుకుంది.

"ఓదెమ్మక్కా, ఇగ నీ పంపు సప్పుడు నాకు రోజు ఇనవడతది" అని నవ్వింది.

నేనూ నవ్వాను.

35వ రోజు

నిన్న గొట్టం వాషరు కొట్టుకుపోయి కుండ ఒక రోజు ఆగింది. ఇవాళ కొత్త వాషరు కోసి వేశాను. అది మామూలు సంగతే. మామూలు కానిది బోర్డు. నిన్న పొద్దున తొంభై ఒకటి, ఇవాళ పొద్దున తొంభై తొమ్మిది.

వంద దాటలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేను రిజిస్టర్ వెనక్కి తిప్పాను. కుండ పెట్టిన పన్నెండో రోజు నుంచే అంకె పడటం మొదలైంది. అంతకుముందు ఒక్క రోజు కూడా పడలేదు.

బోర్డు నుంచి వచ్చే తీగ పట్టుకుని చౌరస్తా నుంచి పంపు గదిదాకా గోడ వెంబడి నడిచాను. 'గోడ వేడి' అని బోర్డు మీద రాసి ఉంటుంది గనక అది ఇటుకల్లోకి పోతుందనే మేమందరం అనుకున్నాం. ఇటుకల్లోకి పోలేదు. మూత కింద చిన్న రంధ్రంలోంచి పైపులోకి పోయింది. ఎవరో బద్ధకస్తుడు గోడ తొలవడానికి చేతకాక ఉన్న పైపులోనే దించేశాడు. నేను దూర్చిన గొట్టంలోకి చల్లటి నీళ్ళు పోయే చోటే దాన్ని ఆనుకుని ఉంది, నీళ్ళు మరిగేది ఇంకా లోపల, అసలు వేడిలో. ఇరవై మూడు రోజులుగా బోర్డు చూపిస్తున్నది అగ్గి వేడి కాదు. నా నీళ్ళు లాక్కోగా మిగిలిన వేడి.

అగ్గి అలాగే ఉంది. ఇంకో రెండు రోజుల్లో గోడ తీస్తారు. తీస్తే గాలి లోపలికి పోతుంది. గాలి తగిలిన మరుక్షణం అది మంటై లేస్తుంది. ఆ తర్వాత గనిలో ఈ రిజిస్టర్ చదవడానికి కూడా ఎవరూ మిగలరు.

నా తెలివితేటల మీద నాకున్న నమ్మకం ఊరికి చెరుపు చేయబోయింది. అది ఇక్కడ రాసి పెడుతున్నాను, రాసింది పోదు.

36వ రోజు

ఐలయ్యకు అంతా చెప్పాను. ఏమీ దాచలేదు. పచ్చగీత, మూత, ఎండపెట్టె అబద్ధం, అన్నీ. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నాకు ముందే చెప్పనుంటివి గద వదినె" అన్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

చౌరస్తాలో అందర్నీ పిలిచాడు. నేనే నిలబడి చెప్పాను. మధ్యలోనే సాల్కి లేచింది.

"గోడ తీస్తే నీ కుండకు వేడి ఉండది. నీ తోటికోడలి కోసం మా ఇండ్లు ఆపుతానవా? గా మాట చెప్పరాదు!"

ఆమె జాగాలో నేనున్నా అదే అడిగేదాన్ని. అబద్ధమాడి కాచినదాని మాట ఎవరు నమ్ముతారు?

"మాటలు వద్దు. కుండ ఆపుదాం" అన్నాడు ఐలయ్య. "నాలుగు రోజులు. అగ్గి ఉన్నదంటే అంకె లేస్తది, నూట ఇరవై దాటితే గోడ ముట్టం. లేవకపోతే తీస్తం."

నాలుగు రోజులంటే మధ్యలో శనివారం పోతుంది. మంగళవారానికీ నీళ్ళుండవు. రెండు పూటలు. అతనికి ఆ లెక్క తెలియక కాదు.

వెనక బెంచీ మీద కూర్చున్న చిలుక అంది: "ఆపున్రి. ఇండ్ల ముచ్చట నిజమో కాదో తేలాలె గద."

నేనే వెళ్ళి నీళ్ళ కవాటం కట్టేశాను.

38వ రోజు

శనివారం పూట తప్పింది. బోర్డు నూట రెండు.

చిలుక మొహం వాచింది. ఉప్పు లేని గంజి రెండు గుక్కలు తాగి చాలంది. పక్కనే కూర్చున్నాను. తిట్టమని అడిగాను, ఓపిక లేదంది.

39వ రోజు

నూట తొమ్మిది. పెరుగుతోంది, కానీ నెమ్మదిగా. పదకొండేళ్ళు కాగిన రాయి, చల్లారడానికీ తొందర లేదు, వేడెక్కడానికీ తొందర లేదు.

చిలుక పడుకోలేకపోతోంది, పడుకుంటే ఊపిరి అందడం లేదు. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాం. షబానా నన్ను బయటికి పిలిచి, "రేపు పొద్దుగూకేదాక ఆగితే ఆగుతది. గా తర్వాత చెప్పలేను" అంది.

పంపు గదికి వెళ్ళాను. కవాటం మీద చెయ్యి వేశాను. అర తిప్పు తిప్పితే చాలు, రేపు సాయంత్రానికి సగం పూటకన్నా సరిపడా నీళ్ళు. బోర్డు కాస్త పడుతుంది, ఎవరికి తెలుస్తుంది? తిప్పకుండా తిరిగొచ్చి, చిలుకతో అదే చెప్పాను.

నా చెయ్యి పట్టుకుంది. ముప్పై ఏళ్ళలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"తిప్పినవనుకో, అంకె పడతది. గోడ తీస్తరు. నేను ఇయ్యాల బతికి రేపు అందరితోటి కాలాల్నా? సాల్కి మనవరాండ్లు సుత ఉన్నరు గాడ." ఊపిరి కోసం ఆగింది. "కూసో అక్కా. ఊకె తిరగకు."

కూర్చున్నాను.

40వ రోజు

పొద్దున నూట పద్నాలుగు. మొదటి షిఫ్ట్ దిగేసరికి నూట పదిహేడు. చౌరస్తాలో ఎవరూ పనికి పోలేదు, బోర్డు కిందే నిలబడ్డారు. సాల్కి అందరికంటే ముందుంది. మధ్యాహ్నం రెండున్నరకు నూట ఇరవై పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నలభై ఆరు కుటుంబాల ఇళ్ళు అక్కడే పోయాయి మరి. మూడుంబావుకు నూట ఇరవై ఒకటి.

సాల్కి కాసేపు ఆ అంకెనే చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపి నా వైపు తిరిగింది.

"క్యాన్లు యాడున్నయే? నిలవడ్డవేంది?"

కవాటం ఐలయ్యే తిప్పాడు. పచ్చగీత మీదుగా నడిచివెళ్ళి, అందరూ చూస్తుండగా. ఒక పూటకు నీళ్ళు రావడానికి రెండు రోజులు పట్టాలి. అంత టైము లేదు. అప్పుడు సాల్కి తన ఇంటి మూడు యూనిట్లు రాసిచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. పది ఇళ్ళు ఇస్తే ముప్పై యూనిట్లు. క్యాంటీన్ కరెంటు హీటరు తెచ్చి ఇంకో స్టీలు డేక్షాలో పెట్టాం. పది ఇళ్ళవాళ్ళు చీకట్లో చద్ది తిన్నారు. దీపాలవేళకు నలభై లీటర్లు దవాఖానాకు చేరాయి.

43వ రోజు

చిలుక లేచి కూర్చుంది. నిన్నటి పూట గోడ వేడితో కాచిన నీళ్ళే.

"హీటరు నీళ్ళు మంచిగుండె. ఇవి మల్ల చేదు" అంది.

షబానా నవ్వి బయటికి పోయింది. నాకు మాత్రం ఆ మాట విని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చిలుక చూసింది, చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆమె ఏ విషయంలోనైనా ఊరుకోవడం కూడా అదే మొదటిసారి.

బోర్డు తీగను గోడలోకి మార్పించాం, నూట డెబ్భై ఒకటి చూపిస్తోంది. ఊళ్ళో ఎవరికీ ఆ అంకె ఇష్టం లేదు. మంచాల వాళ్ళకు చోటు వెతకాలని పైలెవెల్‌లో పాత గుర్రపుసాల శుభ్రం చేయిస్తున్నారు. అది పన్నెండు ఇళ్ళకే వస్తుంది. మిగతావాళ్ళ మొహం చూడటం నాకింకా కష్టంగానే ఉంది.

ఇవాళ ఐలయ్య పంపు గదికి వచ్చాడు. క్యాను నిండేదాకా నా పక్కనే కూర్చున్నాడు.

"ఈ అగ్గి ఇంకెన్నేండ్లు ఉంటది?" అని అడిగాను.

"గంత బొగ్గున్నది లోపల. తక్కువల తక్కువ నలభై ఏండ్లు" అన్నాడు దిగులుగా.

చిలుకకు యాభై నాలుగు. తొంభై నాలుగు వరకూ ఢోకా లేదన్నమాట.